గోడ అవతలి నవ్వు

సినిమా హాలుకూ ఆమె కొట్టుకూ మధ్య ఒకటే గోడ. అవతల యుద్ధం జరిగినా పెళ్ళి జరిగినా ఇవతలికి ఒకేలా వినిపించేది, నీళ్ళలో తల ముంచినప్పుడు ఒడ్డున ఎవరో మాట్లాడుకుంటున్నట్టు. ఆ చప్పుడును ఆమె చెవులు పట్టించుకోవడం ఎప్పుడో మానేశాయి.

ఆ మధ్యాహ్నం హాలు వాళ్ళ సీటొకటి ఒళ్ళో పెట్టుకుని పాత మేకులు పీకుతోంది. రెక్సిను అంచుల్లో చిట్లి, లోపలి దూది ముద్దలు కట్టి బయటికి తొంగిచూస్తోంది. కొత్తవి కొనే రోజులు కావు. మిల్లు మూతపడ్డాక ఊళ్ళో ఎవరూ ఏదీ కొత్తది కొనడం లేదు. ఉన్నదానికే మాసిక వేయించుకుంటున్నారు. అందరికీ పని పోయిన ఊళ్ళో ఆమెకు మాత్రం పని పెరిగింది. స్కూటరు సీట్లు, డాక్టరుగారి బల్ల మీది పరుపు, సెలూన్లో తల ఆనించే దిండు, అన్నీ గడప పక్కన వరస కట్టి ఉన్నాయి.

మేకు తల కింద ఉలి మొన దూర్చి మణికట్టు ఒక్కసారి తిప్పింది. మేకు లేచింది. అప్పుడే గోడ అవతల ఆయన నవ్వాడు.

ముందు వట్టి తోపులు. చేతిపంపు కొట్టడం మొదలుపెట్టినప్పుడు గాలి తప్ప ఏమీ రాని చప్పుడు లాంటివి. దాని వెనక సన్నటి కీచు. ఇక ఆగిపోయిందేమో అనుకునేలోగా, నీళ్ళు తన్నుకొచ్చినట్టు భళ్ళున నవ్వు. ఆ నవ్వు వల్లే ఊళ్ళో అందరూ ఆయన్ని పంపు అనేవాళ్ళు. పంపన్న, పంపు బావ, పంపు మావయ్య. అసలు పేరు బడి రిజిస్టరుకు మాత్రమే తెలుసు.

ఆమె లేచింది. సీటు ఒళ్ళోంచి జారి బోర్లా పడింది. మేకులు గచ్చు మీద చెల్లాచెదరయ్యాయి. మూలనున్న బిందె దగ్గరికి వెళ్ళి గ్లాసు ముంచి వెనక్కి తిరిగింది. నవ్వు అయ్యాక ఆయనకు ఊపిరి అందేది కాదు. ఒక చెయ్యి గుండెల మీద వేసుకుని రెండో చెయ్యి గాలిలోకి చాపేవాడు. ఆ చేతిలో గ్లాసు పెట్టాలి. గ్లాసు పట్టుకుని ఆమె కొట్టు మధ్యలో నిలబడింది. గోడవారగా ఆయన పీట ఉంది. దాని మీద ఎవరూ లేరు. వానలకు ముందే ఆయన పోయాడు.

గోడ అవతల ఇంకెవరివో మాటలు మొదలయ్యాయి. ఆమె నీళ్ళు గుమ్మం ముందు చల్లి, మోకాళ్ళ మీద కూర్చుని మేకులు ఏరుకుంది.

ఆట వదిలాక ఆడపడుచు వచ్చింది. హాల్లో టిక్కెట్లిచ్చేది ఆవిడే. రోజూ ఆ వేళకు చెప్పులు విప్పి, తమ్ముడి పీట మీద కూలబడి, కాళ్ళు చాపుకుని ఊరి సంగతులన్నీ చెప్పేది. ఆ రోజు గడప దాటలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఏమైంది వదినా?”

“దుమ్ము. ఆ టిక్కెట్ల గది చీపురు ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. తిన్నావా?”

“తిన్నాను. సినిమా ఎలా ఉంది?”

“ఏం సినిమాలే! మన ఊళ్ళో తీసి మననే ఎక్కిరించారు. ఊరినిండా తిక్కవాళ్ళేనట. మిల్లు పోయి పనుల్లేక కూర్చున్నవాళ్ళని చూసి జనం నవ్వుకోవాలట. నువ్వు మాత్రం రాకు. బుర్ర పాడవుతుంది.”

“ఊరంతా వెళ్ళారుగా.”

“అందుకే చెప్తున్నా. చూడు, ఊరంతా ఎలా తయారైందో.”

ఆమె సుత్తి పక్కన పెట్టింది. “వదినా, మీ తమ్ముడు నవ్వాడు.”

ఆడపడుచు చెయ్యి ద్వారబంధాన్ని పట్టుకుంది. “ఎక్కడ?”

“హాల్లో. సినిమాలో.”

“ఛఛ. అలాంటిదేం లేదు. నేను చూశాగా.”

“షూటింగప్పుడు బడి గదికి దుప్పట్లు కట్టి, ఈయన్ని కూర్చోబెట్టి నవ్వించి, ఆ నవ్వు రికార్డు చేసి పట్టుకెళ్ళారు కదా. టీ, బిస్కట్లు ఇచ్చారని వచ్చి చెప్పాడు. ఆ నవ్వేమో…”

“అది పనికి రాలేదట. తీసేశారట.” ఆవిడ మాట అడక్కముందే సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. “నిద్ర సరిగ్గా పోతున్నావా అసలు? ముఖం చూడు, ఎలా పీక్కుపోయిందో.”

వెళ్తూ వెళ్తూ ఆవిడ గోడ వైపు చూసింది. చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

మరునాడు మధ్యాహ్నం ఆమె కుట్టు మిషను తొక్కలేదు. చప్పుడు లేని పని పెట్టుకుంది. దబ్బనానికి లావు దారం ఎక్కించి, దారాన్ని మైనం ముద్ద మీద లాగి, సెలూన్ దిండు అంచు చేత్తో కుట్టడానికి గోడ పక్కకు జరిగి కూర్చుంది. లోపలి మాటలు అర్థం కావు. కానీ నిన్నటి వరస చెవికి గుర్తుంది. ముందు ఒక ఆడగొంతు తిట్టుకుంటూ పోతుంది. ఆ తరవాత గంట మోగుతుంది. తరవాత చాలామంది ఒక్కసారిగా ఏడుస్తారు, నిజం ఏడుపు కాదు, సాగదీసిన ఏడుపు. ఆ ఏడుపు మీదే నవ్వు రావాలి.

ఆడగొంతు పోయింది. గంట మోగింది. ఏడుపు మొదలైంది. ఆమె దబ్బనం పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆపింది.

చప్పుడు పోయింది.

తగ్గడం కాదు, పోవడం. కరెంటు పోయిందేమోనని పైకి చూసింది. బల్బు వెలుగుతోంది. గోడ అవతల అంతమంది కూర్చున్న హాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. దగ్గు లేదు, ఈల లేదు. ఎక్కడో ఒక్క సీటు కిర్రుమంది. అది తను మొన్న బిగించిన సీటే అయి ఉంటుందని, మర మేకులకు నూనె చాల్లేదని ఆమెకు తోచింది. ఆమె చెవి గోడకు ఆనించింది. సున్నం చల్లగా తగిలింది. అవతలివాళ్ళు కూడా ఇటే చెవి ఒగ్గి వింటున్నట్టు అనిపించింది.

తరవాత ఎవరో నీళ్ళలోంచి తల పైకెత్తినట్టు సినిమా మళ్ళీ మొదలైంది. వేరే మాటలు. వేరే పాట.

ఆ మరునాడూ అంతే. ఏడుపు, దాని వెనక ఆ నిశ్శబ్దపు గొయ్యి, గొయ్యికి అవతల పాట.

సాయంత్రం సెలూన్ ఆయన దిండు కోసం వచ్చాడు. ఆయన నడకలో ఏదో తేడా ఉంది. వేళ్ళ మధ్య కత్తెర పట్టుకుని గాలిలో చకచకా ఆడిస్తూ, ప్రతి నాలుగడుగులకూ ఎవరి తలనో పరీక్షిస్తున్నట్టు మెడ వంచుతున్నాడు.

“చూశావా చెల్లెమ్మా, నన్నెంత అన్యాయం చేశారో! నా వేషం వేసినవాడు బేరాల్లేక ఒకడికే రోజూ క్రాపు చేస్తుంటాడట. ఆఖరికి వాడికి గుండు మిగులుతుంది. నేనెప్పుడైనా అలా చేశానా?”

“లేదన్నయ్యా.”

“వాడు నడిచేది చూడాలి. ఇదిగో, ఇలా.” నడిచి చూపించాడు. ఇప్పటిదాకా నడిచినట్టే ఉంది.

“మీరు అలా గాలిలో కత్తెర ఆడించేవారు కాదు కదా.”

ఆయన తన చేతిని చూసుకున్నాడు. కత్తెర ఇంకా ఆడుతోంది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఆపాడు. ఆగాక కాస్త భయపడినట్టు నవ్వాడు.

ఆయనొక్కడే కాదు. సినిమాలో మిల్లు కాపలాదారు మూసిన గేటు ముందు నిలబడి, ఎదురుగా వచ్చిన మేకను కూడా గుర్తింపు కార్డు అడుగుతాడట. పొద్దున్న నిజం కాపలాదారు ఆమెను ఆపి, చెయ్యి చాపి, ఏం అడగాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. ఊరి వాళ్ళను చూసి వాళ్ళెవరో వేషం కట్టారు. ఇప్పుడు ఆ వేషాన్ని చూసి ఊరి వాళ్ళు కడుతున్నారు. నవ్వుకోవాల్సిన సంగతే. ఆయన ఉంటే ఈపాటికి గ్లాసు ముంచాల్సి వచ్చేది.

“అన్నయ్యా, ఆ సినిమాలో అందరూ ఏడ్చే చోట ఏమవుతుంది?”

“ఏడ్చే చోటా?” సెలూన్ ఆయన దిండును ఎండలోకి ఎత్తి కుట్టు చూశాడు. చూసిన కుట్టే మళ్ళీ చూశాడు. “కామెడీ సినిమాలో ఏడుపెక్కడిది చెల్లెమ్మా?”

“గంట మోగాక.”

“ఏమో, నేనా టైముకు బయటికి పోతా. బీడీకి.”

“మా ఆయన నవ్వు అందులో ఉందా, లేదా? ఆ ఒక్క మాట చెప్పండి.”

ఆయన దిండు చంకలో పెట్టుకుని, “మంచి నిద్ర పోమ్మా,” అని, మామూలు నడకతో వెళ్ళిపోయాడు.

ఆమె గడపలో కూర్చుండిపోయింది. నిద్ర పోమ్మని వదిన అంది, ఈయనా అన్నాడు. పొద్దున్న పాలాయన కూడా అదే అన్నాడు. అంతమంది ఒకే మాట అంటే తనకే ఏదో అయి ఉండాలి. వాళ్ళకు వినిపించనిది ఒకసారి తనకు వినిపించింది. వాళ్ళకు వినిపిస్తున్నది ఇప్పుడు తనకు వినిపించకుండా పోతోంది. మేకుల డబ్బా తీసి ఒక్కొక్క మేకునూ గచ్చు మీద పడేసి చూసింది. ప్రతి మేకూ టంగుమంది. చెవులు బాగానే ఉన్నాయి.

మరునాడు పొద్దున్న, సినిమా రేపటితో మారిపోతుందని హాలు ముందు బోర్డు మీద రాశారు. ఇప్పుడు తేల్చుకోకపోతే, విన్నదో కల్పించుకున్నదో తెలియకుండానే బతకాలి.

మధ్యాహ్నం ఆటకు గంట కొట్టాక కొట్టు షట్టరు సగానికి దించి, బాగుచేసిన సీటు చంకలో పెట్టుకుని హాలు ముందుకు వెళ్ళింది. టిక్కెట్ల గదికి అర్ధచంద్రం ఆకారంలో చిన్న రంధ్రం. దాని వెనక వదిన చేతులు మాత్రమే కనిపిస్తాయి.

“ఒక టిక్కెట్టియ్యి వదినా.”

చేతులు ఆగిపోయాయి. “హౌస్‌ఫుల్.”

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వరండాలో ఒక కుక్క పడుకుని ఉంది. మెట్ల మీద ఇద్దరు ముసలివాళ్ళు వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

“ఎవరితో ఫుల్లు వదినా?”

“ముందే చెప్పుకున్నారు. వస్తారు.”

“సరే. ఈ సీటైనా బిగించుకుంటాను.”

“ఆట మారాక బిగిద్దువుగాని. పోయి కాసేపు పడుకో. పోవే తల్లీ.”

గొంతులో బతిమాలడం వినిపించింది. అరిచి ఉంటే ఆమె వెళ్ళిపోయేదేమో.

హాలు పక్కసందులో తలుపు గొళ్ళెం ఎప్పుడూ సగమే పడుతుంది. చంకలో సీటు, చేతిలో స్పానరు పట్టుకుని ఆమె లోపలికి దూరింది. వెనక వరసలో మూలకు వెళ్ళి, నేల మీద మోకరించి, సీటును ఇనప కాళ్ళ మీద కూర్చోబెట్టి మరలు తిప్పింది. హౌస్‌ఫుల్ అయిన హాల్లో సగానికి పైగా కుర్చీలు ఖాళీ. ఉన్నవాళ్ళందరూ ఊరివాళ్ళే. రోజూ వీళ్ళే వస్తున్నట్టుంది. చేసే పని లేదు, చూసేందుకు వేరే అద్దం లేదు.

దీపాలు ఆరాయి. తెర మీద ఊరు వెలిగింది. తెలిసిన వీధే, కానీ ఎవరో కడిగి తుడిచినట్టు, గోడలకు రంగు ఎక్కువైంది. ఆమె బిగించిన సీటు మీదే కూర్చుంది. సెలూన్, మిల్లు గేటు, హాలు. హాలు పక్కన తన కొట్టు. షట్టరు దించి ఉంది.

ఆ రోజు ఆమెకు గుర్తుంది. సుత్తి చప్పుడు అడ్డమొస్తోందని సినిమావాళ్ళు షట్టరు దించమన్నారు. లోపల చీకట్లో ఇద్దరూ పీటల మీద కూర్చున్నారు. బయట ఎవరో మేకతో మాట్లాడుతున్న మాటలు వినపడి, ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఆయన భుజాలు ఆడుతుంటే పీట కాళ్ళు గచ్చు మీద టకటకలాడాయి. ఆమె ఆయన మోకాలు గట్టిగా నొక్కి పట్టుకుంది.

తెర మీద షట్టరు అలాగే ఉంది. దాని వెనక, ఇప్పుడు, ఆయన ఉన్నాడు. తనూ ఉంది. ఆమె ఆ షట్టరునే చూసింది. కింద సందులో ఏమైనా కదులుతుందేమోనని చూసింది. మేక అడ్డమొచ్చింది. వీధి మారిపోయింది.

కథ పెద్దదేం కాదు. పని పోయిన ఒక మనిషి, తను పోతే ఊళ్ళో ఎవరేమంటారో వినాలని సరదా పుట్టి, చచ్చినట్టు నటిస్తాడు. ఆడగొంతు తిట్టుకుంటూ పోయింది. గంట మోగింది. నడి వీధిలో మంచం, మంచం మీద తలదాకా తెల్ల దుప్పటి. చుట్టూ చేరినవాళ్ళు ఏడుపు సాగదీస్తూ, బతికుండగా ఏనాడూ అనని మంచిమాటలన్నీ అంటున్నారు. దుప్పటి పొట్ట దగ్గర చిన్నగా వణికింది.

చప్పుడు పోయింది.

తెర మీద నోళ్ళు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. దుప్పటి ఎగిరెగిరి పడుతోంది. దాని కింద ఒక మనిషి మెలికలు తిరిగిపోతున్నాడు, నిశ్శబ్దంగా. ఆమె తన ముందున్నవాళ్ళను చూసింది. హాల్లో ఒక్కరు కూడా తెర వంక చూడటం లేదు. సెలూన్ ఆయన, కాపలాదారు, పాలాయన, వేరుశనక్కాయల ముసలివాళ్ళు, అందరూ తలలు దించుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరో నేర్పినట్టు కదలకుండా కూర్చున్నారు. తెర మీది తెల్లదనం వాళ్ళ మెడల మీద ఆడుతోంది.

ఆయన పోయిన రోజు ఆమెను లోపలి గదిలో కూర్చోబెట్టారు. చూస్తే తట్టుకోలేదన్నారు. తలుపు సందులోంచి తెల్ల దుప్పటి అంచు ఒక్కటే కనిపించింది. ఆయన ఇలాంటి వేషాలు చాలా వేసేవాడు. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఆమె భయపడేదాకా ఆగేవాడు. అందుకని ఆమె ఆ అంచునే చూస్తూ కూర్చుంది. మొయ్యడానికి మనుషులు వచ్చేదాకా చూసింది.

పాట మొదలైంది. తలలు లేచాయి. ఆమె స్పానరు తీసుకుని మేడ మెట్లెక్కింది.

సినిమా మిషను గదిలో ఆపరేటరు చెయ్యి సౌండు చక్రం మీదే ఉంది. ఆమెను చూసి, కాలిన వాడిలా వెనక్కి లాక్కున్నాడు.

“అక్కా! నువ్వెప్పుడొచ్చావు?”

“ఎవరు తగ్గించమన్నారు తమ్ముడూ?”

“అందరం అనుకున్నామక్కా.”

“అందరూ అంటే?”

“మొదటిరోజు ఆ నవ్వు రాగానే హాలంతా గడ్డకట్టింది. టిక్కెట్ల వదినగారైతే వరండాలోకి పరిగెత్తారు. ఆట వదిలాక మెట్ల మీద నిలబడి మాట్లాడుకున్నాం. మా పంపన్న గొంతును తీసుకెళ్ళి వేరేవాడి నోట్లో పెట్టారు. అదీ ఎక్కడ? దుప్పటి కింద. ఇది నీ చెవిన పడకూడదని… ఊరంతా ఒక్క మాట మీద ఉన్నారక్కా. ఎవరూ నోరు జారలేదు. మన ఊళ్ళో ఎప్పుడైనా జరిగిందా అలా?”

చివరి మాట కాస్త గర్వంగానే అన్నాడు.

“ఊరంతా అంటే అందులో నేను లేనా?”

మిషను గిరగిరా తిరుగుతోంది.

“నాకు పిచ్చెక్కిందనుకున్నాను తమ్ముడూ,” అంది ఆమె. గొంతు పెంచలేదు. “నిన్న సాయంత్రం మేకులు నేల మీద పడేసి చెవులు పరీక్షించుకున్నాను. అది మాత్రం మీలో ఒక్కరికీ తట్టలేదు.”

అతను తల దించుకున్నాడు, కింద కూర్చున్నవాళ్ళలాగే.

“రేపు ఆ చక్రం ముట్టుకోకు.”

“వదినగారు నన్ను నిలువునా చీరేస్తారు.”

“నేను చెప్పుకుంటాను.”

మర్నాడు ఆఖరి ఆట. ఆమె షట్టరు పూర్తిగా దించి తాళం వేసింది. ఉతికిన చీర కట్టుకుంది. టిక్కెట్ల రంధ్రం ముందు నిలబడి చెయ్యి లోపలికి చాపింది.

“హౌస్‌ఫుల్ అనకు వదినా.”

టిక్కెట్టు చింపిన చప్పుడు. దాన్ని ఆమె అరచేతిలో పెట్టి, ఆ చేతిని అలాగే పట్టుకుంది ఆడపడుచు.

“ఆపరేటరు చెప్పాడు,” అంది. “నీ కోసమే అన్నాను అందరితో. నీ పేరు చెప్పాను. అబద్ధమే. నేను వినలేకపోయానే. వాడిని ఎత్తుకుని పెంచినదాన్ని. ఆ నవ్వు మొదట నా చంకలోనే నవ్వాడు.”

“నువ్వు వినకు. చెవులు మూసుకో. నేను వింటాను.”

“నువ్వు తట్టుకోగలవా?”

“తెలీదు. నన్ను చూడనివ్వండి, అంతే.”

చెయ్యి వదిలింది.

ఆమె ముందు తలుపు నుంచే వెళ్ళి నడిమి వరసలో కూర్చుంది. అప్పటిదాకా గలగలమంటున్న హాలు సద్దుమణిగింది. సెలూన్ ఆయన లేవబోయి కూర్చున్నాడు. కత్తెర జేబులో పెట్టేశాడు. కాపలాదారు ఆమెకు సలాము కొట్టాడు, ఎందుకో తనకే తెలియనట్టు. ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు. అలాగని ఎవరూ లేచి పోలేదు.

తెర మీద షట్టరు వచ్చింది, పోయింది. మేక వచ్చింది. గంట మోగింది. మంచం, తెల్ల దుప్పటి. ఏడుపు. దుప్పటి పొట్ట దగ్గర వణికింది. హాల్లో తలలన్నీ కిందికి వంగాయి. ఆమె కుర్చీ చేతులు పట్టుకుంది.

వట్టి తోపు. ఇంకో తోపు. హాలు నాలుగు గోడల నుంచీ, గోడ అడ్డం లేకుండా, నీళ్ళు అడ్డం లేకుండా, పక్క పీట మీద నుంచి వచ్చినట్టు. సన్నటి కీచు. ఆగింది. ఇంకా రాలేదు, ఇంకా రాలేదు, దుప్పటి మెలికలు తిరుగుతోంది, ఆ దుప్పటిని ఆమె తలుపు సందులోంచి చూస్తోంది.

భళ్ళున వచ్చింది.

దుప్పటి ఎగిరి అవతల పడింది. లేచి కూర్చున్నవాడు ఎవరో. ఏ పోలికా లేని ముఖం, నున్నటి చెంపలు. ఆ నోట్లోంచి ఆయన నవ్వుతున్నాడు. ముఖం ఒకరిది, నవ్వు ఒకరిది, రెండూ ఎక్కడా అతకడం లేదు. ఆమె కళ్ళు మూసుకుంది. అప్పుడు అతికింది.

ముందు వరసలో ఎవరో ముక్కుతో బుస్సుమన్నారు. సెలూన్ ఆయన. గబగబా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కానీ ఆ నవ్వు ఎప్పుడు మాత్రం ఎవరినైనా వదిలింది గనక! పాలాయన భుజాలు కదిలాయి. కాపలాదారు టోపీ జారి పడింది. ముసలివాళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. తలలు పైకి లేచాయి. హాలంతా తప్పు చేస్తున్నవాళ్ళలా, ఆపుకోలేక, ఏడుస్తున్నట్టు నవ్వింది.

తెర మీద నవ్వు తెగిపోయింది. ఆయన ఊపిరి అందక తీసే ఆ పొడుగాటి శ్వాస రావాల్సిన చోట, కత్తెర పడి పాట మొదలైంది.

ఆమె లేచి నిలబడింది.

నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. వరసలోని వాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. “చెల్లెమ్మా, తప్పైపోయింది,” అన్నాడు సెలూన్ ఆయన. ఆమె వినలేదు. తలుపు తోసుకుని వరండాలోకి వచ్చింది. మధ్యాహ్నపు వెలుగు కళ్ళలో గుచ్చుకుంది. మూల బల్ల మీద నీళ్ళ డ్రమ్ము, గొలుసు కట్టిన స్టీలు గ్లాసు. గొలుసు కొక్కెం తప్పించి, గ్లాసు నింపింది. నింపి, వెనక్కి తిరిగింది.

కుక్క తల ఎత్తి చూసి మళ్ళీ పడుకుంది. ఎవరి చెయ్యీ గాలిలోకి చాచి లేదు.

ఆమె గ్లాసు పట్టుకుని నిలబడింది. నీళ్ళు అంచున కదిలి, వేళ్ళ మీద ఒలికి, నిలకడకు వచ్చాయి.

అప్పుడు వినిపించింది. ఒక వట్టి తోపు.

హాలు లోపల నుంచి కాదు. అక్కడ పాట వస్తోంది. ఇది దగ్గర నుంచి. ఇంకోటి వచ్చింది, గాలి తప్ప ఏమీ లేనిది. ఆమె మెల్లగా టిక్కెట్ల గది దగ్గరికి వెళ్ళి, వంగి, రంధ్రంలోంచి చూసింది.

ఆడపడుచు రెండు అరచేతులూ చెవులకు గట్టిగా నొక్కుకుని కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. నోరు తెరుచుకుని ఉంది, గాలి తప్ప శబ్దం లేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కూర్చున్న స్టూలు కాళ్ళు గచ్చు మీద టకటకలాడుతున్నాయి. ఇన్నేళ్ళలో ఆవిడ నవ్వడం చూడలేదని కాదు. తమ్ముడు పక్కనుంటే ఆ చప్పుడులో ఆవిడది ఎవరికీ వినపడేది కాదు.

అది ఏడుపో నవ్వో ఇంకా తేలలేదు. సన్నటి కీచు ఒకటి గొంతులో పుట్టి ఆగింది.

ఆమె గ్లాసును అర్ధచంద్రంలోంచి జాగ్రత్తగా లోపలికి జరిపి, చెయ్యి వెనక్కి తీసుకోకుండా, వచ్చేదేదో వచ్చేదాకా అలాగే పట్టుకుంది.